వ్యాను మోసే బరువు, గాలి మోసే బరువు

అమెరికా పశ్చిమ తీరంలో ఆరెగాన్ రాష్ట్రం ఉంది. దాని సముద్రపు అంచు పొడవునా 101వ నంబరు హైవే సాగుతుంది. ఉత్తరాన కొలంబియా నది సముద్రంలో కలిసేచోట ఆస్టోరియా పట్నం, దక్షిణాన కాలిఫోర్నియా సరిహద్దు. మధ్య దూరం సుమారు 600 కిలోమీటర్లు. వేసవిలో ఈ దారిన సైకిళ్ల మీద దూరప్రయాణం చేసేవాళ్లు రోజూ కనిపిస్తారు. వాళ్లలో దాదాపు అందరూ ఒకే దిక్కుకు, ఉత్తరం నుంచి దక్షిణానికే వెళ్తుంటారు. ఎదురొచ్చే సైకిలు అరుదు. ఇలాగే వెళ్లాలని చట్టమేమీ లేదు. ఎటు నుంచి తొక్కినా అవే కొండలు, అవే వంతెనలు. అయినా తెలిసినవాళ్లను ఎవరిని అడిగినా ఉత్తరాన మొదలుపెట్టమనే చెబుతారు. కారణం గాలి.

ఈ అధ్యాయంలో ఆ దారిలో ఒక్క రోజును తీసుకుందాం. న్యూపోర్ట్ నుంచి ఫ్లోరెన్స్ దాకా సుమారు 80 కిలోమీటర్లు. ఆగస్టు నెల. సైకిళ్ల మీద మా తమ్ముడు, నేను. సామానుతో క్యాంపర్ వ్యానులో మా బాబాయి. పడకలు, వంట గట్టు, నీళ్ల ట్యాంకు అన్నీ ఆ వ్యానులోనే ఉన్నాయి. ఇలాంటి రోడ్డు మీద వ్యాను సైకిల్ వెనకే మెల్లగా రాకూడదు, అది అందరికీ ప్రమాదం. ముందుకు వెళ్లి, రోడ్డు పక్క ఖాళీ జాగా చూసుకుని ఆగి ఉంటుంది. మేం దాటి వెళ్లాక కాసేపటికి మళ్లీ మమ్మల్ని దాటుకుని ముందుకు పోతుంది.

ఇలాంటి ప్రయాణంలో మనిషికి తోడు వచ్చేవి రెండు: వ్యాను, గాలి. వ్యాను కంటికి కనిపిస్తుంది కాబట్టి దాని సాయం పెద్దదనిపిస్తుంది. గాలి కనిపించదు కాబట్టి లెక్కలోకి రాదు. రెండింటినీ పక్కపక్కన పెట్టి కొలిస్తే ఫలితం చాలామందిని ఆశ్చర్యపరుస్తుంది. అంతకన్నా పెద్ద సంగతి ఇంకొకటి ఉంది. సైకిల్ తొక్కేవాడి వెన్ను నెట్టే గాలే పక్కనున్న సముద్రాన్ని కూడా నడుపుతోంది.

న్యూపోర్ట్: ఇరవై కిలోల లెక్క

పొద్దున ఏడింటికి న్యూపోర్ట్‌లో గాలి లేదు. యాక్వినా అఖాతం మీద పొగమంచు కమ్ముకుని ఉంది. 1936లో కట్టిన పెద్ద వంతెన కింది స్తంభాలు కనిపిస్తున్నాయి, కమాను పైభాగం మంచులో కలిసిపోయింది. వెనక ఎర్రలైటు వెలిగించుకుని ఒకరి వెనక ఒకరం వంతెన దాటాం. అవతలి ఒడ్డున ఆరెగాన్ స్టేట్ యూనివర్సిటీ వారి హాట్‌ఫీల్డ్ సముద్ర విజ్ఞాన కేంద్రం ఉంది. ఈ తీరం నుంచి నడిసముద్రం వైపు ఒక గీత గీసుకుని, ఆ గీత వెంబడి నీటి వేడిని, ఉప్పదనాన్ని శాస్త్రవేత్తలు 1961 నుంచి కొలుస్తున్నారు. దాని సంగతి మధ్యాహ్నానికి వస్తుంది. ముందు మన బరువు లెక్క చూద్దాం.

వ్యాను లేకుండా వెళ్లేవాళ్లు గుడారం, పడక సంచి, స్టవ్వు, బట్టలు, తిండి, విడిభాగాలు అన్నీ సైకిల్‌కే కట్టుకుంటారు. అన్నీ కలిపి 20 కిలోలనుకుందాం. మా 20 కిలోలు వ్యానులో ఉన్నాయి. దానివల్ల మాకు మిగిలిందెంత?

బరువు రెండు చోట్ల ఖర్చు పెట్టిస్తుంది. మొదటిది ఎక్కుడు. 20 కిలోలను ఒక మీటరు పైకి ఎత్తడానికి 196 జౌళ్ల పని చేయాలి. ఈ 80 కిలోమీటర్లలో ఎక్కిన ఎత్తులన్నీ కూడితే 800 మీటర్లనుకుంటే 157 కిలోజౌళ్లు. రెండోది టైరు. చక్రం దొర్లుతున్నప్పుడు రోడ్డుకు తగిలిన చోట రబ్బరు అణిగి, మళ్లీ సర్దుకుంటుంది. అలా సర్దుకోవడంలో కొంత శక్తి వేడిగా పోతుంది. మామూలు తారు రోడ్డు మీద ఈ నిరోధం బరువులో వెయ్యింట ఆరు వంతులు అనుకుంటే, 20 కిలోలను 80 కిలోమీటర్లు దొర్లించడానికి 94 కిలోజౌళ్లు. రెండూ కలిపి సుమారు 250 కిలోజౌళ్లు.

దీన్ని తిండిలోకి మార్చడం తేలిక. కండరానికి అందిన శక్తిలో నాలుగో వంతో, ఇంకాస్త తక్కువో పెడల్‌కు చేరుతుంది. మిగతాదంతా వేడి. ఒక కిలోక్యాలరీ అంటే 4.18 కిలోజౌళ్లు. ఈ రెండు సంఖ్యలూ ఒకదాన్నొకటి దాదాపు కొట్టేసుకుంటాయి కాబట్టి, పెడల్ మీద ఒక కిలోజౌల్ పనికి ఒంట్లో సుమారు ఒక కిలోక్యాలరీ ఖర్చవుతుందని గుర్తుపెట్టుకుంటే చాలు. అంటే రోజంతా వ్యాను మోసిన 20 కిలోల ఖరీదు 250 కిలోక్యాలరీలు. రెండున్నర అరటిపళ్లు తింటే తీరిపోయే బాకీ. సంచులకు తగిలే గాలిని కూడా కలిపితే ఇంకొంచెం పెరుగుతుంది, అంతే.

వాల్డ్‌పోర్ట్: గాలి తెచ్చే ఉప్పు

న్యూపోర్ట్ నుంచి వాల్డ్‌పోర్ట్ దాకా 25 కిలోమీటర్లు రోడ్డు మెట్టలాంటి నేల మీద సాగుతుంది. ఒకప్పుడు అలలు కోసి చదును చేసిన సముద్రతీరమే అది. తర్వాత నేల పైకి లేవడంతో ఇప్పుడు అలలకు అందనంత ఎత్తున ఉంది. పొగమంచులో కుడివైపు హోరు వినిపిస్తుంది, నీళ్లు కనిపించవు. కళ్లద్దాల మీద, కనుబొమల మీద సన్నని తుంపర పేరుకుంటుంది. పెదవులు తడుపుకుంటే ఉప్పగా ఉంటుంది.

ఆ ఉప్పు ఎంత పని చేయగలదో వాల్డ్‌పోర్ట్ వంతెన చెబుతుంది. ఈ తీరపు పెద్ద వంతెనల్లో చాలావాటిని రూపొందించిన ఇంజనీరు కాండే మెకల్లో. ఆయన ఇక్కడ ఆల్సీ అఖాతం మీద కట్టిన వంతెన కూడా 1936 నాటిదే. ఇప్పుడు మనం దాటేది మాత్రం అది కాదు. పాతది తుప్పుకు లొంగిపోవడంతో 1991లో కొత్త వంతెన కట్టి, పాతదాన్ని కూల్చేశారు.

కాంక్రీటు లోపలున్న ఇనుప కడ్డీకి మామూలుగా తుప్పు పట్టదు. కాంక్రీటులోని క్షారగుణం కడ్డీ మీద పలచని ఆక్సైడ్ పొరను నిలబెడుతుంది, ఆ పొరే కవచం. అలలు విరిగినప్పుడు ఎగిరిన తుంపరను గాలి వంతెన మీదికి తెస్తుంది. అందులోని క్లోరైడ్ అయాన్లు ఏళ్ల తరబడి కాంక్రీటు సూక్ష్మరంధ్రాల గుండా లోపలికి ఇంకుతాయి. కడ్డీని చేరాక ఆ కవచాన్ని ఛేదిస్తాయి. తుప్పుకు ఇనుముకన్నా ఎక్కువ చోటు కావాలి. లోపలి నుంచి ఉబ్బుతూ కాంక్రీటును అది చీల్చేస్తుంది. మిగిలిన పాత వంతెనల్ని దక్కించుకోవడానికి ఆరెగాన్ ఇంజనీర్లు మంచి ఉపాయం పట్టారు. కాంక్రీటు మీద జింకు పూత చల్లి, దానికీ లోపలి కడ్డీలకూ మధ్య సన్నని విద్యుత్ ప్రవాహం పంపారు. అరుగుదల జింకుకు బదిలీ అవుతుంది, ఇనుము నిలుస్తుంది. పొద్దున దాటిన యాక్వినా వంతెన అలా బతికినదే.

అదే ఉప్పు సైకిల్ గొలుసు మీద కూడా పడుతుంది. తీరం వెంట తొక్కేటప్పుడు గొలుసు లింకుల అంచున ఒక్క రాత్రిలో నారింజ రంగు తేలుతుంది. వ్యానులో మంచినీళ్ల ట్యాంకు ఉండటంలో నాకు నచ్చిన లాభం ఇది. సాయంత్రం ఒక మగ్గు నీళ్లతో గొలుసు కడిగి, గుడ్డతో తుడిచి, లింకుకో నూనెచుక్క వేస్తే మర్నాడు చప్పుడు లేకుండా తిరుగుతుంది.

యాహాట్స్: గాలి లేచే వేళ

పదకొండింటికి యాహాట్స్ చేరేసరికి మంచు పలచబడింది. పన్నెండింటికి ఎండ వచ్చింది. ఆ వెంటనే గాలి లేచింది. ఈ వరస వేసవిలో ఇక్కడ తరచూ నడిచేదే: పొద్దున మంచు, మధ్యాహ్నం ఎండ, ఎండతోపాటు ఉత్తరపు గాలి.

ఈ గాలి పుట్టుక వెనక రెండు పెద్ద వ్యవస్థలున్నాయి. వేసవిలో ఉత్తర పసిఫిక్ మీద, తీరానికి పడమరగా, భారీ అధికపీడన ప్రాంతం కొలువుంటుంది. తూర్పున కాలిఫోర్నియా లోయల మీద, ఎడారుల మీద ఎండకు నేల కాగి, గాలి తేలికై అల్పపీడనం ఏర్పడుతుంది. గాలి ఎక్కువ పీడనం నుంచి తక్కువ పీడనం వైపు బయల్దేరుతుంది. భూమి తిరుగుతుండటం వల్ల ఉత్తరార్ధగోళంలో కుడివైపుకు మళ్లుతుంది. ఫలితంగా పడమటి నుంచి నేరుగా తీరం మీదికి రావలసిన గాలి ఉత్తరం నుంచి దక్షిణానికి, తీరం వెంబడి జారుతుంది. మధ్యాహ్నం నేల ఇంకా వేడెక్కేకొద్దీ రెండు పీడనాల మధ్య తేడా పెరిగి గాలి జోరందుకుంటుంది. చలికాలంలో ఈ అమరిక తిరగబడుతుంది. అధికపీడనం దక్షిణానికి తగ్గిపోతుంది, ఉత్తర పసిఫిక్ తుపానులు దక్షిణపు గాలుల్ని తోసుకొస్తాయి. కాబట్టి ఉత్తరం నుంచి దక్షిణానికి అనే నియమం వేసవికే చెల్లుతుంది.

అధికపీడనం, అల్పపీడనం అని రేడియోలో వింటూ పెరిగినవాళ్లం మనం. మనకు ఆ మాటలు వెంటనే వానను గుర్తుచేస్తాయి. ఇక్కడ అవే మాటలు పొడి వేసవిని, రోజూ ఒకే దిక్కు నుంచి వచ్చే గాలిని సూచిస్తాయి.

పోర్ట్‌లాండ్ శివార్లలో, హిల్స్‌బరో, బీవర్టన్ ప్రాంతాల్లో చిప్పుల పరిశ్రమలో పనిచేసే తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. వేసవి శనివారాల్లో అక్కడ ఎండ 35 డిగ్రీలు దాటితే పిల్లల్ని తీసుకుని తీరానికి బయల్దేరుతారు. రెండు గంటల ప్రయాణం. దిగేసరికి 16, 17 డిగ్రీలు. పిల్లలు నీళ్లలోకి పరుగెత్తి, పాదాలు తడవగానే కేకలు పెట్టి వెనక్కి వస్తారు. ఆగస్టులో కూడా ఆ నీళ్లు 10 నుంచి 13 డిగ్రీలే ఉండటం మామూలు. అంత చల్లదనం ఎక్కడిది? జవాబు తర్వాతి మలుపులో ఉంది.

కేప్ పర్పెచువా: కుడిచేతి వైపు సముద్రం

యాహాట్స్ దాటగానే చదునునేల అయిపోతుంది. నల్లని బసాల్టు కొండ నేరుగా సముద్రంలోకి దిగుతుంది. సుమారు 3.7 కోట్ల ఏళ్ల కిందట ప్రవహించిన లావా అది. కొండ మీదికి పక్కదారి ఉంది. సైకిళ్లు కింద తాళం వేసి, వ్యానులో పైకి వెళ్లాం. సముద్రం నుంచి దాదాపు 245 మీటర్ల ఎత్తు. పైనుంచి చూస్తే నడిసముద్రంలో తెల్లని నురగతలలు వరసలుగా దక్షిణానికి కదులుతున్నాయి. తీరానికి దగ్గరగా నీళ్ల రంగు వేరు. నీలం పోయి చిక్కని ఆకుపచ్చ.

1893లో నార్వే దేశస్థుడు ఫ్రిట్యాఫ్ నాన్సెన్ 'ఫ్రామ్' అనే ఓడను ఉత్తరధ్రువ సముద్రపు మంచులో ఇరికించి, మంచుతోపాటు కొట్టుకుపోనిచ్చాడు. అప్పుడు ఆయన ఒక వింత గమనించాడు. మంచు గాలి వీచే దిక్కున పోవడం లేదు, దానికి కుడివైపుగా 20 నుంచి 40 డిగ్రీలు పక్కకు జరుగుతోంది. దీనికి గణితం అల్లినవాడు స్వీడన్‌కు చెందిన వాగ్న్ వాల్‌ఫ్రిడ్ ఎక్మన్, 1905లో. గాలి పైపొరను లాగుతుంది, పైపొర తన కింది పొరను లాగుతుంది. ప్రతి పొరా భూభ్రమణం వల్ల తన పైదానికన్నా ఇంకాస్త కుడికి మళ్లుతుంది. పొరలన్నిటి కదలికనూ కూడితే, ఉత్తరార్ధగోళంలో నీరు మొత్తంగా గాలికి సరిగ్గా కుడివైపుకు, 90 డిగ్రీల పక్కకు జరుగుతుంది.

ఇప్పుడు దక్షిణానికి తొక్కుతున్న మనిషిని ఊహించండి. గాలి వెన్నున ఉంది. కుడిచేతి వైపు సముద్రం. ఆ గాలి పైనీటిని కుడివైపుకు, అంటే తీరం నుంచి దూరంగా నెట్టేస్తోంది. ఖాళీ అయిన చోటును నింపడానికి ఒడ్డు వైపు నుంచి నీళ్లు రాలేవు, అక్కడ నేల ఉంది. కాబట్టి కింది నుంచి వస్తాయి. వంద, రెండు వందల మీటర్ల లోతున చీకట్లో ఉన్న చల్లని నీళ్లు పైకి పొంగుతాయి. పిల్లల పాదాలకు తగిలింది ఆ నీరే.

అడుగు నీటిలో నైట్రేట్లు, ఫాస్ఫేట్లు దండిగా ఉంటాయి. పైన బతికి చచ్చిన జీవుల అవశేషాలు ఏళ్ల తరబడి కిందికి రాలి కుళ్లగా పోగైన ఎరువు అది. ఎండ పడే పొరలోకి అది రాగానే వృక్షప్లవకాలు పెరుగుతాయి. తీరం దగ్గరి ఆకుపచ్చ రంగు వాటిదే. వాటిని తిని చిన్న రొయ్యజాతి జీవులు, వాటిని తిని సాల్మన్ చేపలు, సముద్రపక్షులు, సముద్ర సింహాలు. బూడిదరంగు తిమింగలాలు కొన్ని ఆర్కిటిక్ దాకా పోకుండా వేసవంతా ఈ తీరంలోనే మేస్తాయి. పొద్దుటి పొగమంచుకూ మూలం ఇదే. నడిసముద్రం మీది తేమగాలి తీరం దగ్గరి చల్లని నీళ్ల మీదికి రాగానే అందులోని ఆవిరి సన్నని బిందువులుగా మారుతుంది. ఆ మంచు తేమను పీల్చుకునే సిట్కా స్ప్రూస్ చెట్లు తీరం వెంట సన్నని పట్టీగా పెరుగుతాయి.

ఈ పొంగుకు ఒక ప్రమాదకరమైన కోణం కూడా ఉంది. అడుగు నీటిలో ఎరువు ఎక్కువ, ఆక్సిజన్ తక్కువ. 2002 వేసవిలో ఈ తీరంలో ఆక్సిజన్ ప్రమాదకరంగా పడిపోయింది. జాలరులు వేసిన బుట్టల్లో డంజినెస్ పీతలు చచ్చి దొరికాయి. 2006లో ఈ కేప్ పర్పెచువాకు ఎదురుగానే కొంత మేర ఆక్సిజన్ దాదాపు లేకుండా పోయింది. సముద్రం వేడెక్కేకొద్దీ నీటిలో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది, పొరలు ఒకదానితో ఒకటి కలవడం తగ్గుతుంది. చేపను పెంచే గాలే ఊపిరి తీసే నీటిని కూడా ఒడ్డుకు తేగలదు. న్యూపోర్ట్ దగ్గర 1961 నుంచి ఓపికగా తీసుకుంటున్న కొలతలు ఇందుకే అమూల్యం. మామూలు ఏడాది ఎలా ఉండేదో రాసిపెట్టుకోనివాళ్లకు మార్పు వచ్చినా తెలియదు.

హెసీటా: వంద వాట్లకు ఎంత దూరం

ఇక గాలి లెక్క. 75 కిలోల మనిషి, 12 కిలోల సైకిలు, నిటారుగా కూర్చున్న భంగిమ, చదును రోడ్డు తీసుకుందాం. పెడల్ మీద 100 వాట్లు పెట్టగలడనుకుందాం. ఆరోగ్యవంతుడు, కాస్త అలవాటున్నవాడు గంటల తరబడి పెట్టగలిగిన శ్రమ ఇది. గాలి లేకపోతే అతను గంటకు 22 కిలోమీటర్లకు పైగా పోతాడు. గంటకు 20 కిలోమీటర్ల వెనకగాలి ఉంటే అదే శ్రమతో సుమారు 35. అదే ఎదురుగాలైతే సుమారు 13. శ్రమ మారలేదు, మనిషి మారలేదు, రోడ్డు మారలేదు. 40 కిలోమీటర్ల దూరం ఒకడికి గంటా పది నిమిషాలు, ఇంకొకడికి మూడు గంటలు.

వేగం మార్చకుండా కూడా చూడొచ్చు. గంటకు 20 కిలోమీటర్లే పోవాలంటే 20 కిలోమీటర్ల వెనకగాలిలో 28 వాట్లు చాలు, టైర్ల ఘర్షణకు సరిపడా అంతే. ఎదురుగాలిలో 217 వాట్లు కావాలి. మధ్యాహ్నం 40 కిలోమీటర్లకే ఈ తేడాను లెక్కేస్తే దాదాపు 1,360 కిలోజౌళ్లు, తిండిలో 1,360 కిలోక్యాలరీలు. వ్యాను రోజంతా కష్టపడి మిగిల్చింది 250. దిక్కు సరిగ్గా ఎంచుకోవడమన్నది సగం రోజులోనే దానికి అయిదు రెట్లకు పైగా మిగిల్చింది.

గాలికి ఇంత బలం రావడానికి కారణం వర్గం. గాలి నిరోధం వేగం రెట్టింపైతే రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. మనిషి వేగం, ఎదురుగాలి వేగం సమానమైతే ముఖానికి తగిలే గాలి రెట్టింపు, నిరోధం నాలుగింతలు. అందుకే పోతూ పడిన కష్టం వస్తూ పూర్తిగా తీరదు. 100 వాట్ల మనిషి 40 కిలోమీటర్లు పోయి 40 కిలోమీటర్లు రావడానికి గాలి లేని రోజు మూడున్నర గంటలు పడితే, పై గాలి ఉన్న రోజు నాలుగు గంటలు దాటుతుంది. నేరుగా పక్కనుంచి కొట్టే గాలి కూడా ఉచితం కాదు. మనిషి వేగంతో సమానమైన పక్కగాలి ముందుకు పోయే నిరోధాన్ని 40 శాతం పెంచుతుంది.

వెనకగాలి ఇంకో తమాషా చేస్తుంది. గాలి వేగమూ మన వేగమూ ఒకటైనప్పుడు మన చుట్టూ గాలి కదలనట్టే ఉంటుంది. తమ్ముడి హెల్మెట్ పట్టీ చివర ఊగకుండా నిలువుగా వేలాడుతోంది, పక్కన గడ్డి మాత్రం నేలకు వంగిపోతోంది. చప్పుడు ఆగిపోయి గొలుసు తిరిగే సన్నని శబ్దం వినిపిస్తుంది. అప్పుడే ఒళ్లు వేడెక్కుతుంది. 100 వాట్లు పెడల్‌కు పంపే శరీరం 300 వాట్లకు పైగా వేడి పుట్టిస్తుంది. ఎదురుగాలి ఆ వేడిని మోసుకుపోతుంది, వెనకగాలి మోసుకుపోదు. 17 డిగ్రీల చలిలోనూ వీపు తడిసి ముద్దవుతుంది.

హెసీటా దగ్గర 1894 నాటి దీపస్తంభం, లోయ మీద మెకల్లో 1932లో కట్టిన వంతెన, వెంటనే సొరంగం. సొరంగం ముందు సైకిల్ వాళ్లకు ఒక బొత్తం ఉంది. నొక్కితే లోపల సైకిళ్లున్నాయని చెప్పే దీపాలు మెరుస్తాయి, వెనకొచ్చే బండ్లు నెమ్మదిస్తాయి. ఆరెగాన్ శాసనసభ 1971లోనే రహదారుల నిధుల్లో కనీసం ఒక శాతం నడిచేవాళ్లకూ సైకిళ్లకూ ఖర్చు పెట్టాలని చట్టం చేసింది. సైకిల్ తొక్కేవాడి ప్రాణాన్ని కూడా రోడ్డు బడ్జెట్‌లో లెక్కవేసిన రాష్ట్రం అది. మన రాష్ట్రాలు నేర్చుకోవలసిన పాఠం.

సొరంగం తర్వాత ఎక్కుడు. అది ముగిసేచోట వ్యాను ఆగి ఉంది.

"జాకెట్ ఇలా ఇవ్వండి, బాబాయ్," అన్నాడు తమ్ముడు.

"ముందు ఆ తడి బనీను మార్చు, తర్వాత జాకెట్," అన్నారు ఆయన తువ్వాలు అందిస్తూ.

ఆయన మాటలో భౌతికశాస్త్రం ఉంది. ఎక్కుతున్నంతసేపు పుట్టిన వేడి ఆగగానే మూడో వంతుకు పడిపోతుంది. తడిబట్ట మాత్రం ఆరుతూనే ఉంటుంది. ఒక గ్రాము చెమట ఆవిరి కావడానికి 2.4 కిలోజౌళ్లు కావాలి, ఆ వేడిని అది ఒంటి నుంచే తీసుకుంటుంది. పైగా ముందున్నది దిగుడు. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో కాళ్లు ఆడకుండా, వేడి పుట్టకుండా, చల్లగాలి కోస్తుంది. పొడిబట్ట లేనివాడు వేళ్లు కొంకర్లు పోయి బ్రేకు సరిగ్గా పట్టలేడు. కొండ మీద పొడి బనీనుతో నిలబడిన వ్యాను విలువ కిలోల్లో తూగదు.

ఫ్లోరెన్స్: ఇసుక, అన్నం

కొండ దిగగానే బసాల్టు ముగిసి ఇసుక మొదలవుతుంది. ఫ్లోరెన్స్ నుంచి దక్షిణంగా కూస్ బే దాకా సుమారు 64 కిలోమీటర్ల పొడవున ఇసుక దిబ్బలు. నదులు తెచ్చిన ఇసుకను అలలు ఒడ్డుకు చేరిస్తే, వేసవిలో వాయవ్యపు గాలి, చలికాలంలో నైరుతి గాలి అటూఇటూ తోస్తూ ఈ దిబ్బల్ని కట్టాయి. రోడ్ల మీదికి, ఇళ్ల మీదికి ఇసుక రాకుండా ఇరవయ్యో శతాబ్దంలో యూరప్ నుంచి తెచ్చిన గడ్డి నాటారు. ఆ పని గురించి వ్యాసం రాయడానికి 1957లో ఫ్రాంక్ హెర్బర్ట్ అనే విలేకరి ఫ్లోరెన్స్ వచ్చాడు. ఆ పరిశోధనే పెరిగి పెరిగి 1965లో 'డ్యూన్' నవల అయింది. గడ్డి మాత్రం అనుకున్న దానికన్నా బాగా పాకిపోయింది. ఇసుక కదలిక ఆగిపోయి, ఇప్పుడు కొన్నిచోట్ల ఆ గడ్డినే పీకి దిబ్బల్ని కాపాడుకుంటున్నారు.

సాయంత్రం వ్యాను అసలు పని మొదలవుతుంది. రోజు మొత్తంలో నాలుగు గంటలు 100 వాట్లతో తొక్కితే ఒంట్లో సుమారు 1,440 కిలోక్యాలరీలు ఖర్చవుతాయి. కండరాల్లో, కాలేయంలో గ్లైకోజెన్ రూపంలో నిలవుండే పిండిపదార్థం మొత్తం 1,600 నుంచి 2,000 కిలోక్యాలరీలు. కొంత కొవ్వు నుంచి, కొంత దారిలో తిన్నదాని నుంచి వచ్చినా, సాయంత్రానికి గ్లైకోజెన్ బాగా తగ్గుతుంది. ఖాళీ అయిన గిడ్డంగి పూర్తిగా నిండడానికి దాదాపు ఒక రోజు పడుతుంది. తొక్కడం ఆపిన మొదటి గంటల్లో కండరం పిండిపదార్థాన్ని అన్నిటికన్నా వేగంగా దాచుకుంటుంది. పైగా గ్రాము గ్లైకోజెన్‌తోపాటు సుమారు మూడు గ్రాముల నీరు కూడా నిలవచేస్తుంది. అంటే దిగిన వెంటనే తిండి, దానితోపాటు నీళ్లు.

బాబాయి దిబ్బల అవతల చెట్ల మధ్య వ్యాను ఆపి కుక్కరు పెట్టేశారు. మేం గొలుసులు కడిగేలోపు అన్నం, ముద్దపప్పు, నెయ్యి, ఆవకాయ సిద్ధం. శరీరశాస్త్రం అడిగేది కూడా అదే భోజనం: పిండిపదార్థం దండిగా, కొంత మాంసకృత్తులు, చెమటలో పోయిన ఉప్పు. తర్వాత పొడి పడక, కిటికీ మూసిన వెచ్చని గది, ఎనిమిది గంటల నిద్ర. ఒంటరి యాత్రికుడు తడి గుడారంలో వణుకుతూ వేడి పుట్టించడానికి ఖర్చుపెట్టే శక్తి వ్యానులో పడుకున్నవాడికి కండరాల మరమ్మతుకు మిగులుతుంది. ఈ రోజు తొక్కుడులో వ్యాను సాయం చిన్నది. రేపటి తొక్కుడులో దాని వాటా చాలా పెద్దది.

మన తీరంలో

ఈ లెక్కలు ఆరెగాన్‌తో ఆగిపోవు. కాకినాడ నుంచి విశాఖపట్నం, భీమిలి మీదుగా శ్రీకాకుళం దాకా మన తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి ఏటవాలుగా సాగుతుంది. మన కాలానుగుణ గాలులు కూడా ఆ గీత వెంబడే వీస్తాయి. వేసవిలో నైరుతి గాలి, చలికాలం మొదట్లో ఈశాన్యపు గాలి. కాబట్టి మార్చిలో తొక్కేవాళ్లు కాకినాడ నుంచి శ్రీకాకుళం వైపు, డిసెంబరులో తొక్కేవాళ్లు శ్రీకాకుళం నుంచి కాకినాడ వైపు వెళ్లాలి. మధ్యాహ్నం సముద్రపు గాలి పక్కనుంచి కొడుతుంది, కాబట్టి ఎక్కువ దూరం పొద్దున్నే లాగేయాలి. ఎండ వేళ గాలిలో తేమ ఎక్కువ, చెమట ఆరకుండా కారిపోతుంది. కారిన చెమట ఒంటిని చల్లబరచదు. అక్కడ వ్యాను పొడి బనీను బదులు నీడను, మంచినీళ్లను, ఉప్పు వేసిన మజ్జిగను మోసుకురావాలి.

ఎక్మన్ నియమం కూడా మన దగ్గర అలాగే పనిచేస్తుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో నైరుతి గాలి వెన్నున పెట్టుకుని ఈశాన్యానికి తొక్కితే కుడిచేతి వైపు ఉండేది బంగాళాఖాతం. అంటే ఇక్కడ కూడా పైనీరు తీరం నుంచి జరిగిపోవాలి, అడుగు నీరు పైకి రావాలి. వస్తుందని 1950లలో కొలిచి చూపించారు. అమెరికా పసిఫిక్ తీరం నుంచి యూజీన్ లాఫాండ్ అనే సముద్ర శాస్త్రవేత్త ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి, ఇక్కడి విద్యార్థులతో కలిసి విశాఖ తీరంలో నీటి వేడిని కొలిచారు. గాలి తీరం వెంట ఈశాన్యానికి వీచే నెలల్లో చల్లని నీరు పైకి రావడం, గాలి తిరగబడ్డ నెలల్లో పైనీరు ఒడ్డుకు చేరి కిందికి దిగడం ఆ పరిశోధనల్లో తేలింది. చలికాలంలో నైరుతికి తొక్కేవాడికి సముద్రం ఎడమచేతి వైపు ఉంటుంది, అందుకే ఫలితం తలకిందులు. మన నదులు తెచ్చే మంచినీరు బంగాళాఖాతం మీద తేలికైన మూతలా పరుచుకుంటుంది కాబట్టి ఇక్కడి పొంగు ఆరెగాన్ అంత బలంగా ఉండదు. నియమం మాత్రం ఒకటే.

తీరం వెంట దూరప్రయాణం తలపెట్టేవాళ్లు మొదట రోడ్డు మ్యాపు తెరుస్తారు, తర్వాత వ్యాను వెతుకుతారు, చివరకు ఎప్పుడో గాలి సంగతి అడుగుతారు. ఈ వరస తిరగేయాలి. ఆ నెలలో గాలి ఏ దిక్కు నుంచి వీస్తుందో ముందు తెలుసుకుని, దాన్ని బట్టి బయల్దేరే ఊరు, చేరే ఊరు నిర్ణయించుకోవాలి. వ్యానుకు మోత పని తక్కువ, వంట, పడక, పొడిబట్టల పని ఎక్కువ అప్పగించాలి. తొక్కుతున్నప్పుడు గాలి వెన్నున, సముద్రం కుడిచేతిన ఉన్నట్టయితే, భీమిలి దగ్గరైనా సరే, యాహాట్స్ దగ్గరైనా సరే, మీ పక్కన అడుగు నీరు వెలుగులోకి వస్తోందని, దానితోపాటు జాలరి పడవకు దొరకబోయే చేప పెరుగుతోందని ధైర్యంగా చెప్పొచ్చు.